'ఇంట్లోనే ఉన్నావుగా' అంటే ఏం చెప్పాలి?

ప్రశ్న: మేడమ్ గారికి నమస్కారం. మాది ఒడిశాలోని గజపతి జిల్లా పర్లాకిమిడి. నా వయసు 33. బెంగళూరు కంపెనీలో సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ చేస్తాను. 2020 లాక్‌డౌన్‌లో ఇంటికి వచ్చేశాను. ఆ తర్వాత మా టీమ్ మొత్తాన్ని ఇంటి నుంచే చెయ్యమన్నారు. అమ్మానాన్నల దగ్గర ఉండొచ్చని అప్పుడు ఎంతో సంతోషించాను. ఇప్పుడు తల పట్టుకుంటున్నాను. నాన్నగారు రిటైర్డ్ టీచర్. బ్యాంకు పని, గ్యాసు, స్టేషన్ నుంచి చుట్టాలను తీసుకురావడం, అన్నీ నాకే చెబుతారు. కాల్‌లో ఉన్నానంటే 'ఇంట్లోనే ఉన్నావుగా, ఐదు నిమిషాల పని' అంటారు. అలా పోయిన టైమ్‌ని రాత్రి పూడ్చుకుంటాను. అమెరికా క్లయింట్‌తో మీటింగ్ రాత్రి 7:30కి. అది అయ్యాక కూడా మెసేజ్‌లు చూస్తూ పదకొండు చేస్తాను. మా ఆవిడది పాతపట్నం. 'మీరు బెంగళూరులో ఉన్నప్పుడే నయం, ఫోన్‌లోనైనా మాట్లాడేవారు' అంటోంది. పాపకి నాలుగేళ్లు, దానితో ఆడుకుని ఎన్నాళ్లయిందో. కరెంటు పోతే టెన్షన్, నెట్ పోతే టెన్షన్. మంచం మీద కూర్చుని పని చేసి మెడ పట్టేస్తోంది. రెండుసార్లు ప్రమోషన్ తప్పింది. మళ్లీ బెంగళూరు వెళ్లిపోవాలా, లేక ఇది మానేసి ఇక్కడే ఏదైనా చిన్న ఉద్యోగం చూసుకోవాలా? దయచేసి చెప్పండి.
ఒక పాఠకుడు, పర్లాకిమిడి

జవాబు: ఆ రెండూ ఇప్పుడే వద్దు.

మీరు రాసిన కష్టాల్లో అసలు పనికి సంబంధించినవి తక్కువ. పని మీకు వచ్చు, చేస్తున్నారు కూడా. ఆ పని ఎప్పుడు మొదలైందో, ఎప్పుడు అయిపోయిందో చుట్టూ ఉన్నవాళ్లకు కనిపించడం లేదు, చిక్కంతా అక్కడే ఉంది. నాన్నగారికి అది మొదలవడం కనిపించదు. మీ ఆవిడకు అయిపోవడం కనిపించదు. బెంగళూరులో ఉన్న మేనేజర్‌కి మధ్యలో మీరు చేసింది కనిపించదు. ముగ్గురి దగ్గరా మాట పడుతున్నది మీరే.

ఇంట్లో కూర్చుని సంపాదించడం మన వైపు కొత్తేమీ కాదు. నేనుండే బరంపురంలో పట్టు నేసే దేవాంగుల ఇళ్లు చూడండి. మగ్గం ఇంట్లోనే ఉంటుంది, వంట పక్కనే అవుతుంది, పిల్లలు చుట్టూ తిరుగుతుంటారు. అయినా మగ్గం మీద కూర్చున్న మనిషిని బజారుకి వెళ్లి రమ్మని ఎవరూ అనరు. మగ్గం చప్పుడు వినిపిస్తుంటే పని నడుస్తోందని, ఆగితే లేచాడని ఇల్లంతటికీ తెలుస్తుంది. మీ లాప్‌టాప్‌కి ఆ చప్పుడు లేదు. సినిమా చూస్తున్నా, క్లయింట్‌కి జవాబు రాస్తున్నా బయటి నుంచి చూసేవాళ్లకు ఒకేలా ఉంటుంది. ఆ చప్పుడు మీరే ఏర్పాటు చేసుకోవాలి. కింద చెప్పేవన్నీ అందుకోసమే.

ముందుగా, ఇంటి నుంచి చేస్తున్నందుకు ఆఫీసుకి ఏదో బాకీ పడ్డాననే భావం మీలో ఉంటే తీసెయ్యండి. రాత్రి పదకొండు దాకా మెసేజ్‌లు చూడటం వెనక అదే ఉందని నా అనుమానం. చైనాలో సీట్రిప్ అనే ట్రావెల్ కంపెనీ కాల్ సెంటర్‌లో స్టాన్‌ఫర్డ్ ఆర్థికవేత్త నికొలస్ బ్లూమ్, ఆయన సహచరులు ఒక ప్రయోగం చేశారు. 9 నెలల పాటు కొంతమందితో వారానికి 4 రోజులు ఇంటి నుంచి, మిగతావాళ్లతో ఆఫీసు నుంచి పని చేయించి పోల్చి చూశారు. 2015లో ఫలితాలు అచ్చయ్యాయి. ఇంటి నుంచి చేసినవాళ్ల పని 13 శాతం పెరిగింది. ఆ 13లో దాదాపు 9 ఎక్కువ నిమిషాలు పని చెయ్యడం వల్ల వచ్చిందే. విరామాలు తగ్గాయి, సిక్ లీవులు తగ్గాయి. అంటే ఇంటి నుంచి పని చేసేవాడు తన విశ్రాంతి సమయాన్ని తనకు తెలియకుండానే కంపెనీకి ఇచ్చేస్తున్నాడు. మీరూ అదే చేస్తున్నారు. ఆ ప్రయోగంలో చేరడానికి ఒక షరతు ఉండేది: పని చేసుకోవడానికి ఇంట్లో విడిగా గది ఉండాలి. ప్రయోగం అయ్యాక మళ్లీ ఎంచుకోమంటే దాదాపు సగం మంది ఆఫీసుకే వెళ్లిపోయారు. ఒంటరితనం భరించలేకపోవడం అందుకు పెద్ద కారణం. కాబట్టి మీకు కలుగుతున్న విసుగు మీ ఒక్కరి బలహీనత అనుకోకండి.

ఇప్పుడు నాన్నగారి సంగతి. ఆయన్ని తప్పుపట్టకండి. ఆయన ఉద్యోగం అంటే ఉదయం చొక్కా వేసుకుని బడికి వెళ్లడం, గంట కొట్టాక ఇంటికి రావడం. కొడుకు మంచం మీద లుంగీతో కూర్చుని ఉంటే అది క్లాసు జరుగుతున్న సమయమని ఆయనకు ఎలా తెలుస్తుంది? కాల్ మధ్యలో చెయ్యి ఊపి 'తర్వాత నాన్నా' అంటే ఆయనకు అది విసుక్కున్నట్టే ఉంటుంది. ఒక ఆదివారం పొద్దున్న టీ తాగేటప్పుడు కూర్చుని చెప్పండి. మీ పనేమిటో, దాన్ని ఎవరు వాడుకుంటారో, తప్పు జరిగితే ఏమవుతుందో నాలుగు మాటల్లో వివరించండి. మన ఇళ్లలో చాలామంది పెద్దవాళ్లకు పిల్లల జీతం ఎంతో తెలుసు, ఆ జీతం ఎందుకిస్తున్నారో తెలియదు. తర్వాత ఆయన చేతే మీ టైమ్‌టేబుల్ రాయించండి. బడిలో ఏళ్ల తరబడి టైమ్‌టేబుల్ నడిపిన మనిషి, తన చేతిరాతలో ఉన్నదాన్ని తానే కాపాడతారు. చుట్టాలు వచ్చినా 'వాడికి ఇప్పుడు పీరియడ్ ఉంది' అని ఆయనే చెప్పే రోజు వస్తుంది.

ఇంటి పనులు పూర్తిగా మానేస్తానని మాత్రం ఆయనతో అనకండి. అలా అంటే ఊళ్లో ఉండి ఏం లాభం? పనులన్నీ ఒక కాగితం మీద రాసుకుని శనివారం ఉదయానికి పెట్టుకోండి. గ్యాసు బుకింగ్, కరెంటు బిల్లు ఫోన్‌లో నిమిషం పని. చాలామంది పెన్షనర్లకు లైఫ్ సర్టిఫికెట్ కూడా జీవన్ ప్రమాణ్ పద్ధతిలో ఫోన్‌కి ముఖం చూపించి ఇంట్లోంచే ఇచ్చే వీలుంది. ఒకసారి పక్కన కూర్చుని నేర్పితే కొన్ని ఆయనే ఇష్టంగా చేసుకుంటారు. అమ్మగారికో నాన్నగారికో ఒంట్లో బాగోకపోతే అది వేరు. అప్పుడు లాప్‌టాప్ మూసి సెలవు పెట్టి వెళ్లండి. సగం ఆసుపత్రిలో, సగం కాల్‌లో ఉండకండి. రెండు చోట్లా మీరు లేనట్టే అవుతుంది.

కూర్చునే చోటు మార్చాలి. మీ ఇల్లు ఎలా ఉంటుందో రాయలేదు. మన వైపు పాత ఇళ్లలా పొడవుగా ఉంటే వీధి గది వద్దు, వచ్చేపోయేవాళ్లంతా అక్కడే కూర్చుంటారు. పెరటి వైపు గది మంచిది. మేడ మీద రేకుల గది ప్రశాంతంగానే ఉంటుంది కానీ వేసవి మధ్యాహ్నాలు అక్కడ కూర్చోలేరు. గది దొరక్కపోతే ఒక మూల చాలు. ఆ బల్ల పనికి తప్ప దేనికీ వాడకూడదు, అదొక్కటే నియమం. తలుపు వేసి ఉంటే పని, తీసి ఉంటే రావచ్చు. నాలుగేళ్ల పాపకి కూడా ఇది అర్థమవుతుంది, మీరు మాట తప్పకుండా తలుపు తీసినంత కాలం. పని చేసేటప్పుడు చొక్కా ప్యాంటు వేసుకోండి. కెమెరా కోసం కాదు, ఇంట్లోవాళ్ల కోసం చెబుతున్నాను.

మెడ విషయం తేలికగా తీసుకోకండి. మంచం మీద పని ఈ రోజే ఆపెయ్యండి. లాప్‌టాప్ కింద లావు పుస్తకాలు పెట్టి స్క్రీన్ పై అంచు కళ్ల ఎత్తుకి తెచ్చుకోండి, విడిగా కీబోర్డు, మౌస్ కొనుక్కోండి. పాదాలు నేలకు ఆనాలి. 20 నిమిషాలకోసారి 20 అడుగుల దూరంలో ఉన్నదాన్ని 20 సెకన్లు చూస్తే కళ్లకు విశ్రాంతి. చేతి వేళ్లలో తిమ్మిరి ఉంటే మాత్రం ఆలస్యం చెయ్యకుండా డాక్టర్‌కి చూపించండి.

ఇక గంటలు. మీ ఉత్తరంలో నన్ను ఎక్కువ కదిలించింది మీ ఆవిడ అన్న మాట. దాన్ని దెప్పిపొడుపుగా తీసుకోకండి. పుట్టింటి నుంచి వచ్చిన అమ్మాయి. ఇంట్లో ఆమెకు తోటివాడు మీరొక్కరే. ఆ మనిషి పగలంతా కళ్లెదుటే ఉండి, రాత్రి పదకొండు దాకా స్క్రీన్ వెనకే ఉంటే దూరాన ఉన్నప్పటికంటే ఎక్కువ బాధగా ఉంటుంది. బెంగళూరు నుంచి చేసిన ఫోన్‌లో కనీసం ఆ పది నిమిషాలు పూర్తిగా ఆమెవి.

మీ మీటింగ్ 7:30కి అంటే అది చలికాలంలో అమెరికా తూర్పు తీరంలో ఉదయం 9 గంటలు అయి ఉండాలి. అక్కడ మార్చి రెండో ఆదివారం గడియారం ముందుకు జరుపుతారు, నవంబర్ మొదటి ఆదివారం వెనక్కి జరుపుతారు. అందుకే మార్చి నుంచి అదే మీటింగ్ మనకు 6:30కే వస్తుంది, నవంబర్‌లో మళ్లీ 7:30కి పోతుంది. ఏడాదికి రెండుసార్లు ఇంటి టైమ్‌టేబుల్ కూడా మారుతుందని ముందే అందరికీ చెప్పి పెట్టండి.

రాత్రి మీటింగ్ తప్పదు కాబట్టి పొద్దున్న తొమ్మిదికే కూర్చోకండి. ఉదయం 10 నుంచి 1:30, భోజనం చేసి కాసేపు నడుం వాల్చాక 2:30 నుంచి 5:30, ఆ తర్వాత 7:30 నుంచి 9. ఎనిమిది గంటలూ అయిపోయాయి. మీటింగ్ 6:30కి జరిగే నెలల్లో పొద్దున్న అరగంట ముందు మొదలుపెట్టి, మధ్యాహ్నం అరగంటే తీసుకుని, 4:30కి లేవండి. సాయంత్రం ఆ రెండు గంటలూ పాపవి, మీ ఆవిడవి. ఫోన్‌లో ఆఫీసు నోటిఫికేషన్లు ఆపి, పాపని తీసుకుని మహేంద్రతనయ నది వైపో, రాజుగారి కోట వైపో నడవండి. మీ ఆవిడ రాగలిగితే ముగ్గురూ వెళ్లండి. వీలుకాని రోజు పాపని మీరు తీసుకెళ్తే ఆమెకు కాస్త తీరిక దొరుకుతుంది, అది కూడా ఆమెకు కావాలి. చెప్పడం మరిచాను, పాతపట్నం పక్కనే కదా, నెలలో ఒక ఆదివారం అత్తారింటికి వెళ్లండి, లాప్‌టాప్ ఇంట్లో పెట్టి.

రాత్రి 9కి ముగింపు అంటే ముగింపే. రేపు ఏం చెయ్యాలో మూడు లైన్లు కాగితం మీద రాసుకోండి, లాప్‌టాప్ షట్ డౌన్ చేసి బీరువాలో పెట్టండి. బల్ల మీద ఉంచితే పది గంటలకు మళ్లీ తెరుస్తారు. మొదటి వారం చేతులు ఆడవు. ఏదో మునిగిపోతున్నట్టు ఉంటుంది. నిజంగా మునిగిపోయే పని ఉంటే మెసేజ్ పెట్టరు, ఫోన్ చేస్తారు. ఆ మాట మీ టీమ్‌కి ముందే చెప్పండి.

పగటి పూట పని ఎక్కువ జరగాలంటే కష్టమైన టెస్టింగ్ అంతా ఉదయం 10 నుంచి 12 మధ్య పెట్టుకోండి. అమెరికా వాళ్లు నిద్రలో ఉంటారు, మిమ్మల్ని కదిపేవాళ్లు తక్కువ. ఇది ఇంటి నుంచి చేసేవాడికి ఉన్న పెద్ద సౌకర్యం. చాలామంది ఆ రెండు గంటలూ మెయిళ్లకు జవాబులిస్తూ పోగొట్టుకుంటారు. మెయిళ్లు భోజనం తర్వాత చూడొచ్చు.

కరెంటు, నెట్ టెన్షన్‌కి మనోధైర్యం మందు కాదు, ఇన్వర్టర్ మందు. 12 వోల్టుల 150 ఏహెచ్ (ఆంపియర్ అవర్) బ్యాటరీలో లెక్క ప్రకారం 1800 వాట్ అవర్లు ఉంటాయి. చేతికి వచ్చేది అందులో మూడింట రెండు వంతులు అనుకోండి. లాప్‌టాప్ 50 వాట్లు, రూటర్ 10, బల్బు 10, మామూలు ఫ్యాన్ 75. అంతా కలిసి 145 వాట్లు. ఇంట్లో మిగతావి దాని మీద వెయ్యకపోతే కొత్త బ్యాటరీ ఏడెనిమిది గంటలు లాగుతుంది. 30 వాట్లతో తిరిగే బీఎల్‌డీసీ ఫ్యాన్ పెడితే ఇంకా ఎక్కువ. కరెంటు పోయి ఇన్వర్టర్ అందుకునే ఆ క్షణంలో రూటర్ ఆగి మళ్లీ మొదలవుతుంటే రూటర్‌కి మాత్రమే పెట్టే చిన్న యూపీఎస్ దొరుకుతుంది, అది పెట్టండి. ఊరంతా కరెంటు పోయినప్పుడు మీ ఇంట్లో రూటర్ వెలుగుతున్నా కేబుల్ ఆపరేటర్ దగ్గర ఆగిపోవచ్చు. అందుకని బ్రాడ్‌బ్యాండ్ ఒక కంపెనీది అయితే ఫోన్ సిమ్ ఇంకో కంపెనీది ఉండాలి. సరిహద్దు ఊరు కదా, మీ పని గదిలో ఏ కంపెనీ సిగ్నల్ నిలకడగా ఉందో చూసి మరీ తీసుకోండి. వీడియో కాల్ గంటకు ఒక జీబీ దాకా తినేస్తుంది. ఫోన్ డేటా మీద ఉన్నప్పుడు కెమెరా ఆపి మాట్లాడతానని మొదట్లోనే చెప్పేస్తే ఎవరూ ఏమీ అనుకోరు.

తుఫాను మాత్రం వీటికి లొంగదు. 2013 అక్టోబర్ 12న పైలిన్, 2018 అక్టోబర్ 11న తిత్లీ. తిత్లీ అప్పుడు మీ గజపతి, పక్కనున్న శ్రీకాకుళం రెండూ దెబ్బతిన్నాయి, నది దాటి పాతపట్నం వెళ్లినా ఉపయోగం లేని పరిస్థితి. అక్టోబర్, నవంబర్ నెలల్లో పెద్ద రిలీజ్ బాధ్యత మీ ఒక్కరి మీదే లేకుండా ముందే మాట్లాడుకోండి. వాతావరణ శాఖ హెచ్చరిక రాగానే మేనేజర్‌కి చెప్పి, చేతిలో ఉన్న పని ఇంకొకరికి అప్పగించి, సెలవు పెట్టి ఇంట్లోవాళ్లతో ఉండండి. అప్పుడు లాప్‌టాప్ పట్టుకుని సిగ్నల్ వెతకడం ఎవరికీ మంచిది కాదు.

ప్రమోషన్ గురించి. నేను చెప్పిన ఆ ప్రయోగంలోనే ఈ సంగతీ బయటపడింది: పనితీరు సమానంగా ఉన్నా ఇంటి నుంచి చేసినవాళ్లకు ప్రమోషన్లు తగ్గాయి. అదే కంపెనీలో తర్వాత చేసిన ఇంకో ప్రయోగం 2024లో నేచర్ పత్రికలో వచ్చింది. అందులో వారానికి 2 రోజులే ఇంటి నుంచి, మిగతా రోజులు ఆఫీసు నుంచి పని చేశారు. వాళ్లకు ప్రమోషన్లలో తేడా రాలేదు. కళ్ల ముందు అప్పుడప్పుడైనా కనబడే మనిషిని మరిచిపోరు. మీకు వారం వారం కుదరదు. మూడు నెలలకోసారి పలాసలో ప్రశాంతి ఎక్స్‌ప్రెస్ ఎక్కి బెంగళూరు వెళ్లి రెండు మూడు రోజులు ఆఫీసులో కూర్చుని రండి. ఖర్చు కంపెనీ ఇస్తుందేమో అడగండి, ఇవ్వకపోయినా వెళ్లండి. ఇల్లు అద్దెకు తీసుకుని అక్కడ బతకడంతో పోలిస్తే అది ఎంత? మిగతా వారాల్లో శుక్రవారం సాయంత్రం మేనేజర్‌కి ఐదారు లైన్లు రాయండి: ఏం పూర్తయింది, ఏ తప్పు పట్టుకున్నారు, అది క్లయింట్ దాకా పోయి ఉంటే ఏం జరిగేది, వచ్చే వారం ఏమిటి. గొప్పలు చెప్పుకుంటున్నట్టు ఉంటుందని మనవాళ్లు మొహమాటపడతారు. ఇందులో మొహమాటానికి చోటు లేదు. మీరు రాయకపోతే ఆయనకు తెలిసే దారి ఇంకోటి లేదు.

సెలవుల గురించి ఒక్క మాట. మీ ఆఫీసు సెలవులు కర్ణాటక లెక్కన ఉంటాయి, మీ వీధి ఒడిశా లెక్కన నడుస్తుంది. జూన్ మధ్యలో రజో పండుగకు పక్కింట్లో ఉయ్యాలలు కడితే మీ పాప అక్కడ ఉంటుంది, మీరు కాల్‌లో ఉంటారు. ఏడాది మొదట్లోనే ఇలాంటి రెండు మూడు రోజులకు లీవు పెట్టేసుకోండి. కన్నడ రాజ్యోత్సవం అని నవంబర్ 1న మీకు సెలవు వస్తే, ఆ రోజు మీ కోసం ఉంచుకోండి. ఊళ్లో మీలాగే ఇంటి నుంచి పని చేసేవాళ్లు ఇంకొందరు ఉండే ఉంటారు. వెతికి పట్టుకోండి, వారంలో ఒక పూట కలిసి కూర్చుని పని చేసుకోండి. అమ్మానాన్నలు, భార్యాబిడ్డలు ఉన్న ఇంట్లో కూడా పని గురించి మాట్లాడుకునే తోటివాళ్లు లేకపోతే ఒంటరితనమే.

ఇవన్నీ ఆరు నెలలు చేసి చూడండి. అప్పటికీ ఇంట్లో తలుపు ఎవరూ గౌరవించకపోతే, లేదా కంపెనీ రాత్రి తొమ్మిది తర్వాత కూడా వదలకపోతే అప్పుడు మారడం గురించి ఆలోచిద్దాం. ఆ రెంటిలో రెండోదే అయితే ఊరు మారాల్సిన పని లేదు, కంపెనీ మారితే చాలు. చిన్న ఉద్యోగం చూసుకుంటానన్న మాట మాత్రం నాకు నచ్చలేదు. పదేళ్ల అనుభవం ఉండి ఉంటుంది మీకు. టైమ్‌టేబుల్ సరిగా లేదని దాన్ని వదులుకోకండి.

నాన్నగారితో మాట్లాడిన మర్నాడే మేనేజర్‌కి ఒక మెయిల్ పంపండి. ఇంగ్లిష్‌లో మీ మాటల్లో రాసుకోండి, విషయం ఇలా ఉంటే చాలు: 'వచ్చే సోమవారం నుంచి నా పని వేళలు ఉదయం 10 నుంచి 1:30, మధ్యాహ్నం 2:30 నుంచి 5:30, రాత్రి 7:30 నుంచి 9. ఈ వేళల్లో మెసేజ్‌కి పావుగంటలో జవాబిస్తాను. మిగతా సమయంలో అత్యవసరమైతే ఫోన్ చెయ్యండి, తప్పక ఎత్తుతాను. ప్రతి శుక్రవారం వారపు నివేదిక పంపుతాను. వచ్చే మూడు నెలల్లో ఒకసారి ఆఫీసుకి రావాలనుకుంటున్నాను, మీకు అనుకూలమైన వారం చెప్పండి.'